సైటు పనికి ఏ చిత్రిక కొనాలి, ఎలా చూసి కొనాలి

నవంబరు వచ్చిందంటే చెన్నైలో వడ్రంగి ఫోను ఊరుకోదు. "తలుపు పట్టేసింది, ఒకసారి వచ్చి చూడండి" అన్నదే అందరి మాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు ఊరిని నానబెడతాయి, కర్ర ఆ తేమ తాగి ఉబ్బుతుంది. కొన్నేళ్ల కిందట వేళచ్చేరిలో అలాంటి తలుపు ఒకటి సరిచేయడానికి వెళ్లాను. సంచిలో కరెంటు చిత్రిక తప్ప మరొకటి లేదు. మూడు సార్లు తోసేసరికి తలుపు హాయిగా మూసుకుంది, ఇంటావిడ కాఫీ కూడా ఇచ్చారు. మార్చి చివర మళ్లీ ఆవిడే ఫోను చేశారు: "బాబూ, సందులో పెన్సిలు దూరుతోంది." సొంత ఖర్చుతో టేకు పట్టీ అతికించి, పాలిష్ చేసి, తల వంచుకుని వచ్చాను.

కరెంటు చిత్రికను నేను తిట్టను. మందంగా తీయవలసిన చోట అది అరగంట పనిని ఐదు నిమిషాల్లో తేలుస్తుంది. కాని బిగింపు పనిలో చివరి అర మిల్లీమీటరు చేతి చిత్రికదే. ఆ చిత్రికను ఎంచుకోవడంలో నేను చేసిన పొరపాట్లు మీరు చేయకుండా ఉండాలని ఇది రాస్తున్నాను.

ముందు మీ పని లెక్క వేసుకోండి

అంగడికి వెళ్లేముందు ఒక కాగితం తీసుకుని, గత నెలలో చిత్రిక అవసరమైన పనులు రాయండి. నా కాగితంలో తేలినవి ఇవి: తలుపు రెక్కల అంచులు సరిచేయడం, ప్లైవుడ్ అంచుకు అతికించిన టేకు బీడింగును సమం చేయడం, ద్వారబంధంలో తలుపు కూర్చునే రిబేటు మెట్టును కాస్త వెడల్పు చేయడం, అప్పుడప్పుడు కోత మిల్లు నుంచి వచ్చిన పలకను నునుపు చేయడం. బల్ల మీద కూర్చుని కుర్చీలూ పెట్టెలూ చేసేవారి జాబితా ఇలా ఉండదు. వారి మాట విని చిత్రిక కొంటే అది మీ సంచిలో బరువుగానే మిగిలిపోతుంది.

ఇనప చిత్రికల మీద ఉండే నంబర్లు చూసి చాలామంది బెదురుతారు. అవి చాలా పాతవి. లియొనార్డ్ బెయిలీ అనే అమెరికన్ రూపొందించిన చిత్రికల వ్యాపారాన్ని 1869లో స్టాన్లీ కంపెనీ కొనేసింది. ఆ నంబర్లనే తర్వాత ఇతర దేశాల తయారీదారులు కూడా తీసుకున్నారు. అందువల్ల మన దేశపు అనంత్ కొన్నా, స్టాన్లీ కొన్నా 5 నంబరు అంటే కొలత దాదాపు ఒకటే. 1 నుంచి 8 దాకా అంకె పెరిగినకొద్దీ పొడవు పెరుగుతుంది, అంతకుమించి అందులో రహస్యం లేదు.

4 నంబరు సుమారు తొమ్మిదిన్నర అంగుళాలు. బ్లేడు వెడల్పు 2 అంగుళాలు, బరువు పావు తక్కువ రెండు కిలోలు. నునుపు చేయడానికి పుట్టింది. 5 నంబరు 14 అంగుళాలు, అదే 2 అంగుళాల బ్లేడు, రెండు కిలోల పైచిలుకు. 6 నంబరు 18 అంగుళాలు, 7 నంబరు 22 అంగుళాలు. 7 నంబరు మూడున్నర కిలోలు దాటుతుంది. పొడవాటి పలకల అంచులు అతికేలా తిన్నగా చేయడానికి అంతకు మించినది లేదు. అయితే దాన్ని పట్టుకుని నాలుగో అంతస్తుకు మెట్లెక్కి, తలుపును కుర్చీకి ఆనించి తోయమంటే నా వల్ల కాదు.

పొడవు ఎందుకు ముఖ్యమంటే, చిత్రిక గుంటల్లోకి దిగకుండా మిట్టల మీదుగా నడవాలి. చిన్న చిత్రిక వంకరను వంకరగానే నునుపు చేస్తుంది. పొడవాటిది మిట్టను కోసి, గుంటను వదిలేసి, చివరికి అంచును తిన్నగా తెస్తుంది. ఏడడుగుల తలుపు అంచుకు 4 నంబరు పొట్టి. సైటు వడ్రంగి మొదట కొనవలసింది 5 నంబరే అని నేను గట్టిగా చెబుతాను. దానితో నునుపూ చేయవచ్చు, అంచూ తీయవచ్చు, భుజాన వేసుకుని బస్సూ ఎక్కవచ్చు.

రెండోది బ్లాకు చిత్రిక. అరచేతిలో ఇమిడే ఆరు అంగుళాల పనిముట్టు. ఇందులో బ్లేడు, సాన పట్టిన వాలు పైకి ఉండేలా కూర్చుంటుంది. రెండు రకాలు దొరుకుతాయి. తొమ్మిదిన్నర నంబరులో బ్లేడు 20 డిగ్రీల వాలు మీద, అరవైన్నర నంబరులో 12 డిగ్రీల వాలు మీద పడుకుంటుంది. 25 డిగ్రీలకు సాన పట్టిన బ్లేడు పెడితే, మొదటిదానిలో కర్రను తాకే కోణం 45 అవుతుంది, రెండోదానిలో 37. అడ్డంగా కోసిన కర్ర కొసను తీయడానికి తక్కువ కోణమే మేలు. అడుగున బ్లేడు బయటికి వచ్చే సందును నోరు అంటాం, దాని వెడల్పు తగ్గించుకునే ఏర్పాటు ఉన్నదే తీసుకోండి. అది లేని చవక రకం బీడింగు కొసలను పెచ్చులు లేపుతుంది.

మూడోది 78 నంబరు, రిబేటు చిత్రిక. బ్లేడు ఒకటిన్నర అంగుళం, అడుగు భాగం పూర్తి వెడల్పునా ఉంటుంది. పక్కన ఆనించే కంచె, లోతు ఆపే మడమ కూడా దానితో వస్తాయి. 30 మిల్లీమీటర్ల తలుపుకని ద్వారబంధం చేయించి, తర్వాత 35 మిల్లీమీటర్ల తలుపు తెచ్చే ఇంటివారు ఉన్నంతకాలం దీనికి పని ఉంటుంది. బిగించిన ద్వారబంధంలో మూల దాకా ఇది పోదు. బ్లేడును చిత్రిక ముందు కొసనున్న గదిలోకి మార్చి మూలకు దగ్గరగా వెళ్లి, మిగిలినది ఉలితో తీయాలి. నెలకు ఒకసారి కూడా రిబేటు పని తగలకపోతే దీన్ని కొనకండి.

కర్ర చిత్రిక సంగతి

మా మేనమామ నాయుడుపేటలో జీవితమంతా కర్ర చిత్రికతోనే వెళ్లదీశాడు. తుమ్మ దిమ్మలో తొలిచిన నోరు, అందులో బ్లేడు, దాన్ని బిగించే చెక్క చీల, అంతే. లోతు కావాలంటే బ్లేడు తల మీద సుత్తితో చిన్న దెబ్బ, తగ్గాలంటే దిమ్మ వెనక దెబ్బ. "చెవితో సరిచూడాలిరా, కంటితో కాదు" అనేవాడు. నిజంగానే చీల బిగిసినప్పుడు చప్పుడు మారుతుంది.

కర్ర చిత్రికకు సైటులో రెండు గొప్ప సుగుణాలున్నాయి. పరంజా మీద నుంచి కింద పడినా పగలదు, కర్ర మీద ఇనుముకన్నా తేలిగ్గా జారుతుంది. చెన్నైలో దాని చిక్కు మళ్లీ తేమే. వానాకాలంలో దిమ్మ వంకరపోతుంది, చీల బిగుసుకుని ఊడిరాదు. ఏడాదికి రెండు సార్లయినా అడుగును చదును చేసుకోవాలి, చేసిన ప్రతిసారీ నోరు వెడల్పవుతుంది. చేయి తిరిగినవారు దాన్నే వాడండి, మార్చవలసిన పని లేదు. కొత్తగా నేర్చుకునేవారికి మర తిప్పి లోతు మార్చే ఇనప చిత్రికే తొందరగా చేతికి వస్తుంది.

అంగడిలో ఏం చూడాలి

నేను కొనేది చెన్నైలో ప్యారీస్ వైపు, శెంబుదాస్ వీధి చుట్టుపక్కల. తమిళంలో చిత్రికను ఇళైప్పుళి అంటారు. ఆ మాట చెబితే చాలు, ఏ కొట్టువాడైనా పెట్టె దించుతాడు. ఉదయం పదకొండులోపు వెళ్లండి. రద్దీ పెరిగాక ఎవరూ మిమ్మల్ని నింపాదిగా చూడనివ్వరు. జేబులో అడుగు పొడవు స్టీలు స్కేలు, మామూలు కాగితం నుంచి కత్తిరించిన వేలెడు వెడల్పు ముక్కలు నాలుగు, చిన్న స్క్రూడ్రైవరు పెట్టుకోండి.

మొదట అడుగు. బ్లేడును పూర్తిగా లోపలికి లాగి, పైనున్న బిగింపు మాత్రం పనిలో ఉన్నట్టే ఉంచండి. బిగింపు లాగుడుకే అడుగు కాస్త వంగుతుంది కాబట్టి విప్పేసి చూస్తే లెక్క తప్పుతుంది. చిత్రికను తలకిందులు చేసి, స్కేలును అంచు మీద నిలబెట్టి, వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. నిలువునా, రెండు మూలల వైపులా చూడండి. వెలుతురు కనిపించిన చోట కాగితం ముక్క దూర్చండి. మామూలు కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు. ఒక కాగితం బిగువుగా దూరితే ఇంటి దగ్గర చదును చేసుకోవచ్చు. రెండు కాగితాలు వదులుగా దూరితే ఆ పెట్టె మూసి వేరొకటి అడగండి. అడుగంతా అద్దంలా ఉండాలని పట్టుబట్టనక్కరలేదు. ముందు కొస, నోటికి ముందు గీత, నోటి వెనక, మడమ (వెనక కొస) ఒకే మట్టంలో ఉంటే మధ్యలో కాస్త గుంట ఉన్నా పని ఆగదు. నోటి ముందు భాగం పైకి లేచి ఉంటే మాత్రం ఎంత పదును పెట్టినా కర్ర పెచ్చులు లేస్తుంది.

తర్వాత బ్లేడును బయటికి తీయండి. బ్లేడు ఆనే వాలు దిమ్మకు ఇంగ్లీషులో పేరు ఫ్రాగ్, అంటే కప్ప. ఆ కప్పను బొటనవేలితో నొక్కి కదిపి చూడండి. కదలకూడదు. దాని ముఖం మీద రంగు గడ్డలు కట్టి ఉంటే బ్లేడు పూర్తిగా ఆనదు, తోసేటప్పుడు కిరకిరమంటూ అదురుతుంది. రంగు గీకి తీయవచ్చు కాని, ముఖమే వంకరగా ఉంటే తీసుకోకండి.

బ్లేడు మీద బిగించిన చిప్ బ్రేకర్, అంటే పొట్టును విరిచే రేకు దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఆ రెంటినీ కలిపి బిగించి, కళ్ల దగ్గర పెట్టుకుని, వాటి మధ్య వెలుతురు వస్తోందేమో చూడండి. వెంట్రుకవాసి సందు ఉన్నా పొట్టు అందులోకి దూరి, నోరంతా పూడిపోతుంది. "కొత్త చిత్రిక, పది తోపులకే మూసుకుపోతోంది" అని వాపోయేవారిలో ఎక్కువమంది బాధ ఇదే. ఇంటి దగ్గర రాయి మీద దాని అంచు రుద్ది సరిచేయవచ్చు. కాబట్టి ఇది బేరం ఆడటానికి పనికొస్తుందే గాని, వద్దనడానికి కారణం కాదు.

లోతు మార్చే ఇత్తడి చక్రం తిప్పండి. ఒక వైపు తిప్పి రెండో వైపు తిప్పినప్పుడు బ్లేడు కదలడానికి ముందు ఎంత ఖాళీగా తిరుగుతుందో గమనించండి. అర చుట్టు మామూలే, ఒక చుట్టు సరిపెట్టుకోవచ్చు, రెండు చుట్లయితే వద్దు.

చివరికి పిడి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, రోజంతా బాధ పెట్టేది మాత్రం ఇదే. నాలుగు వేళ్లతో పిడికిలి బిగించి పట్టుకోకూడదు. మూడు వేళ్లు పిడి చుట్టూ, చూపుడు వేలు ముందుకు చాచి బ్లేడు పక్కన. అలా పట్టుకుంటే అరచేయి ఎక్కడా నొక్కుకోకూడదు. మే నెల చెమటకు నున్నటి ప్లాస్టిక్ పిడి జారుతుంది, కర్ర పిడి నయం. నేను ఒకసారి కొట్టులో ఇలా పట్టుకుని గాలిలో తోస్తుంటే, గల్లాపెట్టె దగ్గరి పెద్దాయన తెలుగులోనే అడిగాడు, "ఏమయ్యా, కొంటావా, కసరత్తు చేస్తావా?" అని. కొన్నాను. పిడి మాత్రం తర్వాత మార్చుకున్నాను.

పాతది దొరికితే వదలకండి, కాని నోటి మూలలు చూడండి. ఇనప చిత్రిక పోత ఇనుముతో చేసింది. కింద పడితే వంగదు, పగులుతుంది, ఆ పగులు సాధారణంగా నోటి మూల నుంచే మొదలై పక్క గోడకు ఎక్కుతుంది. అన్నీ విప్పేసి, ఖాళీ దిమ్మను వేలి మీద వేలాడదీసి కణుపుతో కొట్టండి. మంచిది గణగణమంటుంది, పగిలినది మొద్దుగా పలుకుతుంది. తుప్పు పైపైన ఉంటే భయం లేదు. బ్లేడు వెనక ముఖం అంచు దగ్గర తుప్పు గుంటలు పడితే అది పదును నిలుపుకోదు, కొత్త బ్లేడు ఖర్చు కూడా లెక్కలో కలుపుకోండి.

ఇంటికి తెచ్చాక

పెట్టెలోంచి తీసిన చిత్రిక వెంటనే కోయదు. ఒక సాయంత్రం దానికి కేటాయించండి. అడుగు చదును చేయడానికి ప్రత్యేకమైన పలక కొనక్కరలేదు. వంటగది గట్టుకు కోయగా మిగిలిన గ్రానైటు ముక్క ఏ సైటులోనైనా దొరుకుతుంది, పాలిష్ చేసిన దాని ముఖం మన పనికి సరిపోయేంత చదునుగా ఉంటుంది. దాని మీద 120 నంబరు ఎమరీ కాగితం అతికించి, అడుగు మీద మార్కరుతో అడ్డగీతలు గీసి రుద్దండి. ఇప్పుడు కూడా బ్లేడు లోపల, బిగింపు పనిలో ఉండాలి. గీతలు చెరిగిన చోట మిట్ట, మిగిలిన చోట గుంట. ఇంతకుముందు చెప్పిన నాలుగు చోట్లా గీతలు చెరిగితే 220 కాగితంతో నాలుగు తోపులు తోసి ఆపేయండి.

ఇక సాన. రాపిడి రాళ్లు తయారుచేసే కార్బొరండమ్ యూనివర్సల్ 1954లో మొదలైంది ఈ ఊళ్లోనే. ఏ కంపెనీదైనా ఒక వైపు గరుకు, రెండో వైపు నునుపు ఉన్న రాయి చాలు. మొదట బ్లేడు వెనక ముఖాన్ని, అంచు దగ్గర ఒక అంగుళం మేర, రాయి మీద పూర్తిగా ఆనించి రుద్దండి, అక్కడ ఒకే తీరు మెరుపు రావాలి. తర్వాత వాలు. కోణం కొలిచే పనిముట్టు లేకపోతే ఒక లెక్క గుర్తుంచుకోండి: వాలు ముఖం వెడల్పు బ్లేడు మందానికి సరిగ్గా రెట్టింపు ఉంటే అది 30 డిగ్రీలు. మామూలు బ్లేడు 2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి వాలు 4 మిల్లీమీటర్లు రావాలి. స్కేలుతో కొలవండి. గరుకు వైపు రుద్దుతూ, వెనక ముఖం అంచున వేలికి తగిలే సన్నటి గరుకు అంచు పొడవునా వచ్చేదాకా ఆపకండి. సగం అంచుకే వచ్చిందంటే మిగిలిన సగం ఇంకా మొద్దుగా ఉన్నట్టే. ఆ తర్వాతే నునుపు వైపు, చివర తోలు ముక్క మీద పది సార్లు వెనక్కి లాగండి.

మిషను సాన మీద పెట్టేవారికి ఒక హెచ్చరిక. అంచు నీలం రంగుకు తిరిగితే ఆ మేర ఉక్కు సత్తువ పోయినట్టే, నీలం పూర్తిగా పోయేదాకా అరగదీయక తప్పదు. రెండు క్షణాలకొకసారి నీళ్లలో ముంచండి.

రెండు మూలలనూ రాయి మీద కాస్త ఎక్కువ నొక్కి, వెంట్రుకవాసి గుండ్రం చేయండి. లేకపోతే వెడల్పాటి పలక మీద ప్రతి తోపుకూ గీత మిగులుతుంది. చిప్ బ్రేకర్‌ను నునుపు పనికి అంచు నుంచి అర మిల్లీమీటరు లోపల, మందంగా తీసేటప్పుడు ఒకటిన్నర మిల్లీమీటరు వెనక బిగించండి. వేగిస లాంటి కర్రలో పోగులు ఒక వరస ఇటు, ఒక వరస అటు నడుస్తాయి, ఎటు తోసినా సగం ఎదురే. అక్కడ చిప్ బ్రేకర్‌ను దగ్గరగా బిగించడం తప్ప మరో ఉపాయం అంతగా పనిచేయదు.

ప్లైవుడ్ అంచుకు మంచి బ్లేడు పెట్టకండి. పొరల మధ్య జిగురు గట్టిపడి ఉంటుంది, పది అడుగులు తోసేసరికి బ్లేడు మీద ఆ పొరల గీతలే అచ్చు పడతాయి. టేకులో కూడా సన్నటి ఇసుక రేణువుల వంటి సిలికా ఉంటుంది, ఇతర కర్రలకన్నా త్వరగా మొద్దుబారుస్తుంది. అందుకే నా సంచిలో 5 నంబరుకు రెండు బ్లేడులుంటాయి, ఒకటి కర్రకు, ఒకటి ప్లైవుడ్‌కు. మైకా అంచుకు చిత్రిక అసలు వద్దు, ఆకురాయి వాడండి.

తలుపు మీద

మైకా ముక్కల మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు. మూడు ముక్కలు కలిపి టేపు చుట్టుకుంటే మూడు మిల్లీమీటర్ల సందు కొలిచే పనిముట్టు తయారు. తలుపు మూసి, పక్కలా పైనా దాన్ని సందులో జరుపుతూ వెళ్లండి, ఆగిన చోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఎక్కువసార్లు తలుపంతా ఉబ్బి ఉండదు, తాళం పక్కన ఒకటిన్నర అడుగు మేరే పట్టేస్తుంది. బందు మరలు వదులై తలుపు వాలిందేమో కూడా అప్పుడే చూడండి. వాలిన తలుపుకు కావలసింది స్క్రూడ్రైవరు.

వానాకాలంలో మూడు మిల్లీమీటర్ల సందు తెప్పించాలని చూడకండి. రాసుకోకుండా మూసుకుంటే చాలు, ఒక మైకా ముక్క దూరితే ఆపేయండి. ఎండాకాలానికి కర్ర తనంతట తానే మిగిలిన సందు ఇస్తుంది.

తలుపు దించి, అంచు పైకి వచ్చేలా నిలబెట్టి, గోడకు ఆనించి కట్టండి. పక్క ముఖం మీద పోగులు ఎటు ఎక్కుతున్నాయో చూసి, ఎక్కే వైపుకే తోయండి. చిత్రిక అడుగున కొవ్వొత్తితో ఒక గీత గీస్తే తోపు సగం తేలికవుతుంది. మొదలుపెట్టేటప్పుడు బరువు ముందు గుబ్బ మీద, ముగించేటప్పుడు వెనక పిడి మీద ఉండాలి. లేకపోతే రెండు కొసలూ పల్లమవుతాయి. తాళం వైపు అంచును ద్వారబంధం లోపలికి పోయే ముఖం వైపు కాస్త వాలుగా తీయండి. 35 మిల్లీమీటర్ల మందానికి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు చాలు. ఆ వాలు లేకపోతే తలుపు తిరిగేటప్పుడు లోపలి మూల బంధానికి తగులుతుంది.

పై అంచు, కింది అంచు తీయవలసి వస్తే నిలువు చట్రం కర్రల కొసలు అడ్డకోతగా ఎదురవుతాయి. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఊపున తోస్తే అవతలి కొస చీలిపోతుంది. రెండు చివరల నుంచీ మధ్యకు తోయండి, బ్లాకు చిత్రికతో.

తీసిన అంచుకు అదే రోజు ప్రైమరో, పాలిషో పట్టించి వెళ్లండి. పచ్చిగా వదిలిన కర్ర మళ్లీ తేమ తాగుతుంది, మళ్లీ మీకే ఫోను వస్తుంది. పనిలో పనిగా చిన్న అద్దం పెట్టి తలుపు కింది అంచు చూడండి. చాలా ఇళ్లలో అక్కడ రంగు చేయి ఎప్పుడూ పడి ఉండదు, నీళ్లు ఎక్కేది అక్కడి నుంచే.

తుప్పు

సముద్రపు గాలికి చిత్రిక రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది, తిరువాన్మియూరు వైపు సైటుల్లో నేను చూశాను. పని ముగిశాక పొట్టు దులిపి, కుట్టుమిషను నూనెలో తడిపిన గుడ్డతో అడుగూ పక్కలూ తుడవండి. కొబ్బరినూనె కూడా నడుస్తుంది. కర్ర మీద పెట్టేముందు పొడిగుడ్డతో మాత్రం తుడిచేయండి, నూనె మరక మీద పాలిష్ పట్టదు. బ్లేడు లోపలికి లాగి, పాత లుంగీ ముక్కలో చుట్టి, సంచిలో సుత్తికి దూరంగా పెట్టండి. రాత్రి సైటులోనే వదలవలసి వస్తే కొత్తగా పోసిన సిమెంటు నేల మీద పెట్టకండి. ఆ నేల వారాల తరబడి తేమ వదులుతూనే ఉంటుంది. ఒక ప్లైవుడ్ ముక్క మీద, పక్కకు పడుకోబెట్టి ఉంచండి.